అమ్మ గట్టు మీద గడ్డి

ప్రియమైన అక్కా,

వందనాలు. ముందు నీకు, తర్వాత నీ మోకాళ్లకి. నొప్పులు తగ్గాయా?

పాస్టరు గారు ఈసారి సండే స్కూలు పిల్లలకి వాన నీటికి మట్టి ఎలా కొట్టుకుపోతుందో చెప్పమన్నారు. దేవుడు మనిషికి తోట అప్పగించింది అనుభవించడానికే కాదు, కాపాడడానికి కూడా అని వాళ్ల బుర్రకెక్కాలట. నేను మొదలుపెట్టగానే వెనక బెంచీ నిద్రపోయింది. సైన్సు టీచరు అక్క ఉండి కూడా నాకీ గతి పట్టాలా? ఏదైనా ఉపాయం చెప్పు.

నువ్వు చెప్పినట్టే ప్రతి శనివారం చర్చి వెనక గట్టెక్కి, అమ్మ సమాధి చుట్టూ గడ్డి పరక లేకుండా పీకి, ఊడ్చి వస్తున్నాను. శిలువ కాస్త పక్కకి ఒరిగితే కింద రాయి పెట్టి నిలబెట్టాను.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లాయికి,

పిల్లలకి మాటలు చెబితే నిద్రొస్తుంది, నీళ్లిస్తే మెలకువొస్తుంది. రెండు ట్రేలు తీసుకో. ఒకదాంట్లో ఉత్త మట్టి, ఇంకోదాంట్లో వేళ్లతో సహా తవ్వి తెచ్చిన గడ్డి పెళ్ల. రెండూ ఏటవాలుగా పెట్టి, వాళ్ల చేతే నీళ్లు పోయించు. కింద గ్లాసుల్లోకి దిగిన నీళ్ల రంగు చూడమను. ఇసుక మీద ఇల్లు కట్టినవాడి కథ అప్పుడు చెప్పు. వాన మాత్రం ఇద్దరి ఇళ్ల మీదా పడిందని మర్చిపోకుండా చెప్పు.

అమ్మ దగ్గర అశ్రద్ధ చేయకు. ఒక్క పరక కనిపించినా "ఇద్దరు కూతుళ్లుండి గడ్డి పట్టనిచ్చారు" అంటారు జనం. ఆ మాట నేను పడలేను. ఇంత దూరం నుంచి అమ్మకి నేను చేస్తున్నది అదొక్కటే, అదీ నీ చేతుల్తో.

మీ అక్క

*

ప్రియమైన అక్కా,

నీ ట్రేలు అదిరాయి. ఒక్కడు నిద్రపోతే ఒట్టు! మట్టి ట్రే కింద గ్లాసులో టీ రంగు నీళ్లు, గడ్డి ట్రే కింద తేటనీళ్లు. "మట్టిని చేసిన దేవుడే దాన్ని పట్టి ఉంచడానికి వేళ్లనీ చేశాడు" అన్నాను. అంతా బాగానే ఉంది, అంతలో వాగుడుకాయ లేచింది. మా క్లాసులో ఏడేళ్ల పిల్ల. ప్రార్థనలో కళ్లు మూసుకుంటుంది కానీ నోరు మూసుకోదు.

"మరి టీచర్, మీ అమ్మగారి దగ్గర గడ్డి వేళ్లన్నీ పీకేస్తారెందుకు? ఆవిడంటే కోపమా?"

క్లాసవగానే గట్టెక్కి చూశాను. సమాధికి దిగువన మట్టి జారిపోయి నా చెయ్యి దూరేంత సందు పడింది. శిలువ ఒరిగింది అందుకే. పక్కన ఎవరూ పట్టించుకోని సమాధులు గడ్డిలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్క పెద్ద వాన పడితే చాలు, అమ్మ సమాధి గట్టుతో సహా కిందికొచ్చేస్తుంది.

గడ్డి నాటాలక్కా. కానీ నువ్వు సరేననకుండా చెయ్యలేను. అశ్రద్ధ చేశానని నువ్వనుకుంటే తట్టుకోలేను. వెంటనే జవాబు రాయి, మబ్బులు పడుతున్నాయి.

నీ చెల్లి

*

అక్కా,

నీ ఉత్తరం రాలేదు. కోపమొచ్చిందని అర్థమైంది. వాన మాత్రం నీ ఉత్తరం కోసం ఆగలేదు. కుండపోత! కాస్త తెరిపివ్వగానే గొడుగు కూడా మర్చిపోయి పరిగెత్తాను.

గట్టు నిలిచే ఉంది. సందు నిండా రాళ్లు, పైన గోనెపట్టా, దానిమీద ఒకదానికొకటి ఆనించిన గడ్డి పెళ్లలు. జారిపోకుండా పుల్లలు కూడా గుచ్చారు. అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఎవరు చేశారండీ అంటే పాస్టరు గారు "దేవుడి దయ" అన్నారు. దేవుడికి గోనెపట్టా ఎవరిచ్చారని అడగబోయి ఊరుకున్నాను. వాగుడుకాయని అడుగుదామంటే ఆదివారమంతా పెదవి విప్పలేదు. జ్వరమేమోనని నుదురు పట్టి చూశాను.

ఇకమీదట ఆ గడ్డి నేను పీకనక్కా. నువ్వు తిట్టినా సరే, మాట్లాడ్డం మానేసినా సరే.

నీ చెల్లి

*

నా బంగారు చెల్లాయికి,

గడ్డి నాటాలన్న నీ ఉత్తరం చదివి మండిపోయాను. ఏళ్ల తరబడి నేను బోర్డు మీద గీసి చెప్పే పాఠం నాకే చెబుతావా అని! ఘాటుగా జవాబు మొదలుపెట్టాను. రెండో వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. అమ్మ కాళ్ల కింద మట్టి నేనే తీయిస్తున్నానన్నమాట. కాగితం చింపేసి బస్సెక్కాను.

నేను దిగేసరికి నువ్వు చర్చిలో పాటలు నేర్పుతున్నావు. కిటికీలోంచి నీ గొంతు వినిపించింది. లోపలికొస్తే నిన్ను పట్టుకుని ఏడుస్తాను, ఆ ఏడుపయ్యేసరికి చీకటి పడుతుంది, తిరుగు బస్సు పోతుంది, మర్నాడు మా పిల్లలకి పరీక్ష. అందుకే తిన్నగా గట్టు దగ్గరికెళ్లాను. కాలవ పక్కన గడ్డి తవ్వుతుంటే వెనకనుంచి "మీరు దొంగా?" అని వినిపించింది. ఇంకెవరు, నీ వాగుడుకాయ! గోనెపట్టా వాళ్లింట్లోదే. పెళ్లలూ అదే అందించింది, వేళ్లు కిందికి పెట్టాలని నాకు నేర్పింది కూడా. నేను రాసేదాకా మీ టీచరుకి చెప్పకన్నాను. నాకేమో రాయడానికి సిగ్గేసి ఇన్నాళ్లు పట్టింది. పాపం, దాని ప్రాణం ఎంత కొట్టుకుందో! ఇవాళే విడుదల చెయ్యి.

మోకాళ్ల సంగతి అడిగావుగా. ఒకటి పూర్తిగా అలిగింది. అలిగితే అలగనీ, అమ్మకి మొదటిసారి నా చేతుల్తో చేసుకున్నాను. నేను తిట్టినా పీకనన్నావు చూడు, అది చదివి ఎంత ముద్దొచ్చావో.

ఇక శనివారాలు చీపురు తీసుకెళ్లకు. ఎండ కాస్తే నాలుగు చెంబులు నీళ్లు పొయ్యి. ఎవరైనా "ఇద్దరు కూతుళ్లుండి గడ్డి పట్టనిచ్చారు" అంటే, "పట్టనివ్వడమేంటి, మేమే నాటాం" అని చెప్పు.

గోళ్లలో ఇంకా మట్టి వదలని,
మీ అక్క