ఒత్తులు మింగే ప్రోగ్రాం

అక్కా,

నీ చూపు పోయాక కంప్యూటర్‌లో పెట్టించిన చదివి వినిపించే ప్రోగ్రాం ఒత్తులు మింగేసి 'అమ్మ'ను 'అమ' అంటోందట. "చదువు నాకిక అచ్చిరాదులే" అని నువ్వు దాన్ని మూసేశావని, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న బావే చెప్పాడు.

ఆ ప్రోగ్రాం ఏ కంపెనీ సొత్తూ కాదు. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా సరిచేసి పంపవచ్చు. కోడ్ రాయడం నేర్చి ఏడాదైనా కాలేదు, నాకెందుకులే అనుకుంటూనే వెతికాను. తప్పు దొరికింది. పనిలో పనిగా నాకు నచ్చనివన్నీ మార్చి పంపాను.

దాన్ని చూసుకునే పెద్దాయన తిప్పి పంపాడు. "ఇల్లు ఊడ్వమంటే గోడలు కూల్చావమ్మా. ఒత్తుల సంగతి ఒక్కటే పంపు" అని రాశాడు. మనసు చివుక్కుమంది. కొన్నాళ్లు ఆ ప్రోగ్రాం పేజీ తెరవలేదు. తర్వాత అదొక్కటే పంపితే, "బాగుంది. రోజూ వాడేవాళ్లెవరైనా విని చెబితే కలుపుతాను" అన్నాడు.

నిన్ను అడక్కుండా నీ పేరిచ్చాను, కోపం తెచ్చుకోకు. ఈ కోడ్ సరిచేసే మేమందరం కళ్లతో చూసి సరిపోయిందనుకునేవాళ్లమే. నేను సరిచేసినదాన్ని బావతో పెట్టించుకుని విను. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని ఆ పెద్దాయనకే రాయి. నా మొహం చూసి ఒప్పుకోవద్దు.

నీ చెల్లి