లచ్చవ్వ వాకిట్లో ముగ్గు

ఆషాఢం, సోమవారం

అబ్బాయికి దగ్గు తగ్గలేదు. కోడలు కమలకు నడుము నొప్పి. నా మోకాళ్ల సంగతి సరేసరి. ఎదురింటి మాస్టారు నిన్నంతా తిండి ముట్టలేదట. ఒంటరిగా ఉండే లచ్చవ్వ వాకిట్లో ముగ్గుంది — అంటే బాగానే ఉన్నట్టు.

మా దుకాణంలో ఫోన్ పెట్టించినప్పటి నుంచి నాకిదో పని. గల్లీ మొత్తానికి అదొక్కటే. ఎవరికి ఫోన్ వచ్చినా ముందు మాకు మోగాలి, మేం పోయి పిలుచుకు రావాలి. మనిషి లేని ఇంటికి పరుగెత్తడం దేనికని, పొద్దున్నే ఒక చుట్టు తిరిగి చూసుకుంటా. తాళం ఉందా, పొయ్యి పొగ వస్తోందా, ముగ్గు పడిందా...

మంగళవారం

ముగ్గుంది.

బుధవారం

ములుగు నుంచి లచ్చవ్వ బిడ్డ సరోజ ఫోన్. కమల పోయి వాకిట్లో నుంచే కేకేసి వచ్చింది. పలకలేదట. గుడికి పోయిందేమో అంది. ఫోన్ నేనే అందుకున్నా. మీ అమ్మ బాగుంది బిడ్డా, పొద్దున ముగ్గు కూడా వేసింది అన్నా.

గురువారం

కోపంతో ఒళ్లు మండిపోతోంది.

లచ్చవ్వ నాలుగు గీతలు గీసి లోపలికి పోయే మనిషి. ఇవాళ వాకిట్లో ఇంత పెద్ద పద్మం! తలుపు తోసి చూస్తే — మంచంలో పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. చెంబులో చుక్క నీళ్లు లేవు.

ముగ్గు వేస్తున్నది పక్క వాటాలో అద్దెకున్న విమల. "వాకిలి బోసిగుంటే మంచిది కాదు గద పెద్దమ్మా. నాదానితోటి ఆమెది గూడ ఏస్తాన్న."

వాకిలి బోసిగా ఉండకూడదట. లోపల మనిషి ఎట్లా ఉన్నా ఫరవాలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. రోజూ ఆ తలుపు ముందే వంగింది, ఒక్కసారి తట్టలేదు. కమలా తట్టలేదు. నేను మాత్రం తట్టానా...

శుక్రవారం

లచ్చవ్వ దవాఖానకు రానంటోంది. కాంపౌండర్‌ను పిలిపిస్తే సూది వేసి పోయాడు. జ్వరం దిగింది, మళ్లీ ఎక్కింది.

"బిడ్డకు చెప్పకు అక్కా. నాట్ల యాల్ల. ఆగమైతది."

ఒట్టు వేయమంది. చేయి వెనక్కి లాక్కున్నా.

శనివారం

ఇక ముగ్గులు, పొగలు నమ్మను. ప్రతి తలుపూ తడతా. గొంతు వినేదాకా కదలను. మాస్టారికి కోపం వచ్చింది — "పొద్దుగాల్నే బతికున్ననా సచ్చిన్ననా అని సూడొచ్చినవా అవ్వా?" అవును, అందుకే వచ్చా అన్నా. తలుపు ధనామని వేశాడు. వేయనీ. పలికాడు కదా.

అబ్బాయి కూడా కసిరాడు. మనది ఫోను, దవాఖాన కాదు, జర ఊకో అని. ఊకోను. బాగుందని చెప్పిన నోరు నాది, వాడిది కాదు.

ఆదివారం

సరోజ మళ్లీ చేసింది. అమ్మను పిలవమంది. ఆమె లేచి నడిస్తే కదా... మొన్న నేను చెప్పింది తప్పు బిడ్డా, ఆ ముగ్గు మీ అమ్మది కాదు అన్నా. జ్వరం సంగతంతా చెప్పేశా.

మెల్లగా అడిగింది — "మరి సూడకుండనే బాగుందని ఎట్ల జెప్పినవ్ పెద్దమ్మా?"

మంగళవారం పొద్దటి బస్సుకు వస్తానని పెట్టేసింది.

లచ్చవ్వకు ఇంకా చెప్పలేదు. పొద్దున తడితే వెంటనే పలికింది. సాయంత్రం పలకలేదు... మళ్లీ గట్టిగా తట్టాక, ఎవరది అంది.

మంగళవారం దాకా ఇట్లా పలుకుతుంటే చాలు. పొద్దటి బస్సు.