మూడు ఊపిరుల్లో చెప్పే మాట

విస్కాన్సిన్,
గురువారం మధ్యాహ్నం.

కెండ్రాకి,

నీ టోబిన్ బోలెడన్ని ముద్దులతో రాయునది. ఇక్కడ నేనూ, నా కుడి భుజమూ, ఈ హాస్టల్ ఇరుకు మంచమూ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, జూనీ, మీ అమ్మగారూ, నా బూట్లు నమిలే ఆ దరిద్రపు కుక్కా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ ఉత్తరం సోమవారం అందింది. మూడుసార్లు చదివాను. రెండుసార్లు నవ్వాను. మూడోసారి మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకో కింద రాస్తాను.

"ఫోన్లో ఊఁ, ఆఁ తప్ప నీ నోరు పెగలదు, క్యాంపుకి వెళ్ళినన్నాళ్ళూ ఉత్తరాలే రాయాలి" అని పెళ్ళైన కొత్తలో నువ్వు పెట్టిన నియమానికి ఇది తొమ్మిదో వేసవి. మొదట్లో లోలోపల విసుక్కునేవాణ్ణి. ఈరోజు మాత్రం నీకు దణ్ణం పెట్టాలనిపిస్తోంది. ఈ సంగతి ఫోన్లో చెప్పమంటే నా వల్ల అయ్యేది కాదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. భుజం పొద్దున్నే మొరాయిస్తుంది, ఐసు పెడితే దారికొస్తుంది. తిండికి లోటు లేదు. ఈ ఊళ్ళో దేనిమీదైనా చీజ్ వేసేస్తారు, నిన్న ఆపిల్ పై మీద కూడా వేశారు, ఒట్టు! నన్ను చూస్తే నీకే తెలుస్తుంది, బెల్టు ఒక చిల్లు జరిగింది. మా జట్టులో సియాకి ఉన్నాడు కదా, వాళ్ళావిడ పంపిన దుప్పటికి నీ తరఫున థాంక్స్ చెప్పాను. "మీ ఆవిడ చెప్పమంటేగానీ చెప్పవా నువ్వు?" అని ఆ లావు మనిషి నా వీపు మీద ఒక్కటి చరిచాడు. మీ స్కూల్లో పిల్లలకి పేలు పడ్డాయని రాశావు, నర్సమ్మగారూ, మీ తల జాగ్రత్త.

ఇక నీ పెద్ద ప్రశ్న. "కాలేజీ ఫుట్‌బాల్లో వెలిగిపోయిన క్వార్టర్‌బ్యాకులు డబ్బిచ్చి ఆడించే పెద్ద జట్లలోకొస్తే ఆరిపోతారని టీవీలో రోజూ వాదించుకుంటున్నారు. ఆ కేలన్ కుర్రాడి సంగతేమిటి? పొగరా? పనికొస్తాడా?" అన్నావు. ఆరిపోయిన దీపాన్నే అడిగావు కదే! నన్ను కూడా మా ఊళ్ళో ఊరేగించారు. నా బొమ్మ మంగలి షాపులో ఇప్పటికీ ఉంది. పదకొండేళ్ళుగా నేను ఆడింది మొత్తం కలిపితే ఒక ఆదివారం ఆట కూడా నిండదు. మొదటి నిమిషం నుంచీ మైదానంలో నిలబడ్డ ఆట ఒక్కటీ లేదు. ఈ మాట ఎవరితోనూ అనను, నీతోనే అంటున్నాను.

కేలన్‌కి పొగరు లేదు. అలబామా వాళ్ళ పెంపకం, ప్రతి మాటకీ "సార్" తగిలిస్తాడు. ఇరవై రెండేళ్ళు. వాడు బంతి విసిరితే గాల్లో చప్పుడు వినిపిస్తుంది. పోయిన ఏడాది కాలేజీ ఆటగాళ్ళందరిలోకీ గొప్పవాడని కప్పు కూడా ఇచ్చారు. అలాంటివాడు మొదటిరోజు ఏం చేశాడో తెలుసా?

మా ఆటలో ప్రతి ఎత్తుకీ ముందు పదిమంది గుండ్రంగా వంగి నిలబడతారు, పదకొండోవాడు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్. కోచ్ గొంతు వాడి హెల్మెట్లో వినిపిస్తుంది, వాడు ఆ ఎత్తు మొత్తం ఆ పదిమందికీ నోటితో చెప్పాలి. పదిహేను పదహారు మాటలు. ఒక్కటి తప్పితే ఒకడు కుడికీ ఇంకొకడు ఎడమకీ పోతాడు, మధ్యలో వీడి ఎముకలు విరుగుతాయి. ఇదంతా నీకు తెలిసిందే. కాలేజీల్లో ఇప్పుడు ఆ పద్ధతే పోయింది. గీత బయట నలుగురు నిలబడి పెద్ద పెద్ద బొమ్మల అట్టలు ఎత్తుతారు. ఆవు బొమ్మ, పిజ్జా బొమ్మ, ఎవరిదో మీసాల మొహం. ఎవరి పని ఏమిటో ఆటగాళ్ళందరూ ఆ బొమ్మల్లోనే చూసుకుంటారు. ఎవరూ నోరు విప్పనక్కర్లేదు. కేలన్ నాలుగేళ్ళూ అలాగే ఆడాడు, అలాగే గెలిచాడు.

మొదటిరోజు పదిమంది వంగారు. కేలన్ చెవిలో కోచ్ హలోరన్ ఎత్తు చెప్పాడు. వీడు మెడ తిప్పి గీత బయటికి చూశాడు, బొమ్మల కోసం! అలవాటు. గడియారం పరిగెడుతోంది, వీడు చూస్తూనే ఉన్నాడు.

"ఏంట్రా అబ్బాయ్, అక్కడేమైనా సినిమా వేస్తున్నారా?" అన్నాడు సియాకి. వీడి ముందు వంగి బంతి అందించాల్సినవాడు అతనే.

అందరూ ఘొల్లుమన్నారు. కోచ్ గీత బయట నుంచే కేకేశాడు: "నోరు కాలేజీలోనే మర్చిపోయొచ్చావా? ఎవరన్నా పోస్టులో పంపిస్తారేమో కనుక్కో!"

నేనూ నవ్వాను కెండ్రా. అందరికంటే గట్టిగా నవ్వాను.

ఆ మర్నాడే బ్రాండ్ట్ మోకాలు పోయింది. మన మొదటి క్వార్టర్‌బ్యాక్ ఈ ఏడాదికి లేనట్టే. ఇక మొదటి ఆట నాదైనా కావాలి, కేలన్‌దైనా కావాలి. నువ్వు ఆ సాయంత్రం ఫోన్ చేసి ఏడ్చావు, సంతోషంతోనే. జూనీ స్కూల్లో అందరికీ చెప్పేసింది. మా నాన్న తన పాత కోటు ఇస్త్రీ చేయించుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, ఈసారి నాదేనని. ఆ కుర్రాడు మాట్లాడటం నేర్చుకునేసరికి క్రిస్మస్ వస్తుందిలే అనుకున్నాను.

మూడోరోజు భోజనాల దగ్గర కేలన్ తన పళ్ళెం పట్టుకుని నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "సార్, అంత పొడుగు ఎత్తు మీకెలా గుర్తుంటుంది? నాకు సగం దాకా వస్తుంది, తర్వాత తెల్లకాగితమైపోతుంది" అన్నాడు.

నాకు తెలుసు. నా మొదటి ఏడాదిలో, అప్పటి మా మొదటి క్వార్టర్‌బ్యాక్ ముసలి హార్లన్ నాకు చెప్పాడు. ఆ పదహారు మాటల్నీ వరసగా గుర్తు పెట్టుకోకూడదు. మూడు ఊపిరుల్లో చెప్పాలి. ఎవరెక్కడ నిలబడాలో ఒక ఊపిరి, నిన్నెవరు కాపాడాలో ఒక ఊపిరి, బంతి ఎటు పోవాలో ఒక ఊపిరి. మధ్యలో ఒక్కొక్కడి కళ్ళలోకి చూడాలి. అంతే. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

"ఎత్తుల పుస్తకం ఇచ్చారుగా, చదువుకో. మాకెవరు చెప్పారు?" అన్నాను.

అబద్ధం. నాకు చెప్పారు. ఆ మాట అంటున్నప్పుడు నా నోట్లో మాంసం ముక్క ఉంది, అది మింగి ఇంకో ముక్క కోసుకున్నాను. వాడు "సరే సార్" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తొమ్మిదిరోజులు వాడు పదిమంది ముందూ నవ్వులపాలవుతుంటే చూస్తూ నిలబడ్డాను. పేపరువాళ్ళు "ఇంకో కాలేజీ వీరుడు, ఇంకో నిరాశ" అని రాశారు. నా గురించి పదకొండేళ్ళ కిందట ఇలాంటిదే రాస్తే మా అమ్మ ఆ పేపరు పొయ్యిలో పడేసింది. అది తెలిసీ ఊరుకున్నాను. నీ మొగుడు అలాంటి మనిషని నీకు ఇంతకాలం తెలియదు. నాకూ తెలియదు.

పదోరోజు ఆదివారం, సెలవు. మధ్యాహ్నం నా బట్టలు పట్టుకుని కింద ఉతికే గదికి వెళ్ళాను. కేలన్ అక్కడ నావైపు వీపు పెట్టి, మిషన్ మీద మోచేతులు ఆన్చి ఫోన్లో మాట్లాడుతున్నాడు. స్పీకరు పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ.

"నిన్ను ఏడిపిస్తున్నారని రాశారు నాన్నా, నిజమేనా?"

"అబ్బే, పేపరోళ్ళ మాటలు నమ్ముతావేంటమ్మా! ఇక్కడ అందరూ మంచోళ్ళే. టోబిన్ గారని ఒకాయనున్నారు. పెద్దాయన. నా స్థానానికే పోటీ, అయినా పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్తారు. సొంత తమ్ముడిలా చూసుకుంటారు."

"అమ్మయ్య! ఆయన్ని చల్లగా చూడమని రేపట్నుంచీ ప్రార్థన చేస్తాను. ఆయన పేరు మళ్ళీ చెప్పు, రాసుకుంటా."

వాడు నా పేరు ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. నేను ఉతకని బట్టలు అలాగే పట్టుకుని మళ్ళీ మెట్లెక్కేశాను. సిగ్గుతో చచ్చిపోయాను కెండ్రా. నాకు పెళ్ళాం ఉంది, కూతురుంది, పదకొండేళ్ళు ఈ జట్ల దయవల్ల తిన్నాను. హార్లన్ తన చోటు నేను లాక్కోవచ్చని తెలిసీ నాకు ఆ రెండు నిమిషాలు ఇచ్చాడు. నేను అది తిని కూర్చున్నాను.

సాయంత్రం వాణ్ణి భోజనశాలకి పిలిచాను. పది కుర్చీలు గుండ్రంగా వేశాను. "ఇవి నీ మనుషులు. అదిగో, ఆ కాలు విరిగిన కుర్చీయే సియాకి. చెప్పు" అన్నాను.

"కుర్చీలతోనా సార్?"

"కుర్చీలు నవ్వవు. చెప్పు. ఇంకోసారి సార్ అన్నావంటే లేచి పోతా."

వంటావిడ డోరీన్ గరిట పట్టుకుని వచ్చింది. "నా కుర్చీలకి పాఠాలేంటయ్యా? తుడిచి పెట్టుకున్నా ఇప్పుడే!" అంది. తర్వాత తనూ ఒక కుర్చీలో కూర్చుని వింది. రెండోరోజుకి ఆవిడే "మూడో ఊపిరి మింగేశావ్ బాబూ, మళ్ళీ చెప్పు" అనడం మొదలుపెట్టింది. రెండు వారాలు రోజూ అలాగే. ఆ రెండు వారాల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో నీకు రాసిన ఉత్తరాల్లో కనబడే ఉంటుంది. కారణం మాత్రం రాయలేదు.

మొన్న మంగళవారం సాధన ఆటలో కేలన్ మళ్ళీ ఒకసారి తడబడ్డాడు. కోచ్ అది చూసి తల కొట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత వరసగా పంతొమ్మిది ఎత్తులు వాడు తప్పు లేకుండా చెప్పాడు. ఆఖరిది ఈ పుస్తకంలోకెల్లా పొడుగైనది. సియాకి హెల్మెట్ తీసి నావైపు చూసి, "తాతా, వీడికి నోరొచ్చింది రోయ్!" అని అరిచాడు. అది కోచ్ చూడలేదు.

ఇక నన్ను నవ్వనివ్వని నీ ఆఖరి ప్రశ్న. "వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారానికి విమానం టికెట్లు కొనేయనా? నువ్వే ఆడతావు కదా? చెప్పు, జూనీ ప్రాణం తీస్తోంది" అని రాశావు. నిన్న పొద్దున్న దాకా కొనేయమనే రాసి ఉండేవాణ్ణి.

నిన్న సాధన అయ్యాక హలోరన్ నన్ను తన చిన్న బండిలో ఎక్కించుకుని మైదానం చివరికి తీసుకెళ్ళాడు. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు ఊస్తూ అడిగాడు:

"మంగళవారం వాడి అవతారం చూశాను. నిన్నే పెట్టేద్దామని ఉంది. కానీ నాకంటే వాడితో ఎక్కువ కూర్చున్నది నువ్వు. సూటిగా చెప్పు. మొదటి ఆట వాడా, నువ్వా?"

నేనేమీ అనకుండా ఊరుకుంటే చాలు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు. భుజాలెగరేస్తే సరిపోయేది. నువ్వు గుర్తొచ్చావు, జూనీ గుర్తొచ్చింది, మా నాన్న కోటు గుర్తొచ్చింది. ముప్పైనాలుగేళ్ళు నాకు. ఇలాంటి ఆదివారం మళ్ళీ రాదు.

"మీరు వెళ్ళిపోయాక ఏం జరిగిందో సియాకిని అడగండి. వాడు తయారు. వాణ్ణే పెట్టండి" అన్నాను.

"నువ్వేం వదులుకుంటున్నావో తెలిసే అంటున్నావా?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది కోచ్?"

ఆయన బండి తిప్పాడు. దించేటప్పుడు చెయ్యి చాపాడు. పదకొండేళ్ళలో మూడు జట్లు మారాను, ఒక్క కోచ్ కూడా నాతో అలా చెయ్యి కలపలేదు.

నిన్ను అడక్కుండా చెప్పేశాను. ఆ ఆదివారం నీ సొత్తు కూడా. తొమ్మిది వేసవులు ఆ పిల్లనీ ఇంటినీ ఒంటరిగా మోసినదానివి నువ్వు. కోపం వస్తే తిట్టు, నాలుగు పేజీలు తిట్టు, అన్నీ చదువుతాను. క్షమించమని అడిగే మొహం లేదుగానీ అడుగుతున్నాను.

టీవీవాళ్ళ ప్రశ్నకి నా జవాబు కూడా రాసేస్తాను. చేతిలో బలం అందరికీ ఉంటుంది, లేకపోతే ఇక్కడిదాకా రారు. నిలబడేదీ పోయేదీ ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పడాన్ని బట్టే. ఆ చెప్పగలిగినవాడు ఎప్పుడూ ఆ నేర్చుకునేవాడి వల్ల తన చోటు పోగొట్టుకునేవాడే అవుతాడు. నాకు చెప్పినవాడు ఉన్నాడు, అయినా నేను నిలబడలేదు, అది వేరే సంగతి. కేలన్ నిలబడతాడు. నాకు దొరికినదాన్ని ఇన్నాళ్ళకి నేనూ ఒకడికి ఇవ్వగలిగాను. ఇది కూడా దొరకకుండా ఇంటికొచ్చేవాణ్ణేమో, తలుచుకుంటేనే భయం వేస్తోంది.

టికెట్లు కొను. మా నాన్నకి కూడా కొను. కానీ రాకముందే జూనీకి చెప్పాలి. ప్రతి ఏడూ దానికి ఏదో ఒకటి చెబుతాం కదా, నాన్నకి భుజం నొప్పి అని, కోచ్‌కి నాన్నంటే పడదని. ఈసారి అలాంటివేమీ చెప్పకు. నాకు ఆడలేనంత నొప్పి లేదు, నన్నెవరూ పక్కన పెట్టలేదు. ఎవరు ఆడాలని మీ నాన్ననే అడిగారు, మీ నాన్న వేరేవాడి పేరు చెప్పాడు అని చెప్పు. అది ఎంతసేపు ఏడిస్తే అంతసేపు ఏడవనీ, తర్వాత ఇదే మాట మళ్ళీ చెప్పు.

ఇట్లు,
ఆటరోజు మట్టి అంటని చొక్కాతోనే మైదానం నుంచి తిరిగొచ్చే
నీ మొగుడు,
జూనీ నాన్న,
టోబిన్.