నాలుగు లెక్కపెట్టాక

5 అక్టోబర్ 2009, సోమవారం

దసరా సెలవులు అయిపోయాయి. గోరిని తండాకు పంపలేదు.

పంపకూడదని తీసుకొచ్చిన రోజే అనుకున్నాను. పది రోజులుంచుకుని దింపుతానని మా అత్త జమ్లితో చెప్పాను. అబద్ధం. లెక్కల టీచర్‌ని, తప్పుడు లెక్క చెప్పేటప్పుడు నాకు తెలుస్తూనే ఉంటుంది.

గోరి నా కూతురు. ఎనిమిదేళ్ళు. దానికి రెండున్నరేళ్ళప్పుడు దాని తల్లి ద్వాలి మలేరియాతో పోయింది. ఏడాది తిరక్కుండా కళ్యాణిని చేసుకుని ఖమ్మంలో కాపురం పెట్టాను. పిల్లను టేకులపల్లి అవతల తండాలో అమ్మమ్మ దగ్గర వదిలేశాను. అప్పుడు పిల్ల అడ్డం. ఇప్పుడు కళ్యాణికి పిల్లలు పుట్టరని దవాఖానాలో తేల్చేశారు. ఇప్పుడు పిల్ల కావలసి వచ్చింది. ఇంతకంటే మంచిగా రాసుకోవడం నాకు చేతకాదు.

బడికని గోరికి కొత్త బూట్లు కొన్నాను. ఒక సైజు పెద్దవి వచ్చాయి.

9 అక్టోబర్, శుక్రవారం

కిరాణా కొట్టు కాయిన్ బాక్సు నుంచి జమ్లి ఫోన్ చేసింది. పిల్లను ఎప్పుడు తోల్తవ్ అల్లుడా, బడి తెరిసిండ్రు అన్నది. ఇక్కడే ఇంగ్లీషు మీడియంలో చేర్చానని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. దాని మేక సూడితోని ఉన్నది, ఈనేటప్పుడు పక్కనే ఉంటనని పిల్ల ఎన్నొద్దుల సంది అనుకుంటున్నదో, గట్లెట్ల చేస్తివి అన్నది. రూపాయి అయిపోయి ఫోన్ కట్టయింది.

మళ్ళీ చేస్తుందేమోనని చూశాను. చేయలేదు.

16 అక్టోబర్, శుక్రవారం

కాగితం వచ్చింది. కోర్టుది కాదు. కుటుంబ తగాదాలు తీర్చడానికి ఒక సంస్థ వాళ్ళు ఈ మధ్యే ఖమ్మంలో సలహా కేంద్రం తెరిచారు. కోర్టు మెట్లెక్కకుండా మాట్లాడుకోండి అంటారు. అడవి ఊళ్ళ వాళ్ళు ఖమ్మం దాకా రాలేరని మండలాఫీసుల్లో డిష్‌లు పెట్టి, టీవీలో ముఖాలు చూపిస్తున్నారట. వీడియో కాన్ఫరెన్స్. జమ్లి టేకులపల్లి పోయి కంప్లయింట్ రాయించింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, అక్కడే కూర్చుంటుంది. నేను ఇక్కడ కూర్చోవాలి.

నిజం చెప్పాలంటే బతికిపోయాననుకున్నాను. తండా పంచాయితీ అయితే నోరెత్తలేను. పిల్లను ఎవరు పెంచారో అక్కడ మేకలకు కూడా తెలుసు. టీవీలో అయితే నాకు ఉద్యోగం ఉంది, ఇస్త్రీ చొక్కా ఉంది.

22 అక్టోబర్, గురువారం. రాత్రి 8

అయిపోయింది. గెలిచాను. అన్నం తినలేదు.

జరిగింది జరిగినట్టు రాయాలి. గదిలో పెద్ద టీవీ, దాని నెత్తిన కెమెరా. మధ్యవర్తి కళావతి మేడం. ఇక్కడి మాట శాటిలైట్ మీంచి పోయి రావాలి, లేటవుతుంది, ప్రశ్న అడిగాక మనసులో నాలుగు లెక్కపెట్టండి, అప్పుడు జవాబొస్తుంది అని మొదలే చెప్పింది. రాసుకోవాలి కాబట్టి అందరూ తెలుగులోనే మాట్లాడమంది. గోరి నా పక్కన కూర్చుని వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టడం నేర్చుకుంది. దానికి అదో ఆట.

జమ్లి కనిపించింది. పక్కన తండా పెద్ద గోప్యా. పిల్ల ముఖం చూడగానే జమ్లి లేచి వాళ్ళ టీవీ దగ్గరికి పోయింది. అప్పుడు మాకు ఆమె తలగుడ్డ అంచుకు కుట్టిన అద్దాలు తప్ప ఏమీ కనిపించలేదు. కూర్చోమ్మా, కూర్చోమ్మా అని మేడం రెండుసార్లు చెప్పింది.

గంటసేపు మాట్లాడారు. పిల్ల నా దగ్గర్నే ఉండాలె, తల్లి లేని పిల్ల, నేనే తల్లిని అన్నది జమ్లి. నేను చదువు గురించి చెప్పాను. బాగానే చెప్పాను, క్లాసులో చెప్పినట్టు. బయట ఇంకో రెండు కేసుల వాళ్ళు కాచుకుని ఉన్నారు. మేడం వాచీ చూసుకుంది. కాగితాల మీదికి వంగి ఏదో రాసుకుంటోంది.

అప్పుడు గోరి మైకు దగ్గరికి జరిగి, యాడీ, నా మేక ఈనిందా అని మెల్లగా అడిగింది. యాడి అంటే మా భాషలో అమ్మ. అది అమ్మమ్మను అట్లాగే పిలుస్తుంది.

మేడం వినలేదు. తలెత్తి, పిల్ల తండ్రి దగ్గర చదువుకుంటుంది, దసరాకు, ఎండాకాలానికి, రెండు సెలవులకూ మీ దగ్గరికి వస్తుంది, మీకు సమ్మతమేనా అని గబగబా అడిగింది.

ఆ ప్రశ్న ఇంకా టేకులపల్లి చేరనే లేదు. టీవీలో జమ్లి ముఖం విచ్చుకుంది. అవ్, అవ్ అన్నది. నవ్వుతూ రెండు వేళ్ళు ఎత్తి చూపింది. అక్కడే బొమ్మ ఆగిపోయింది. నవ్వు ముఖం, రెండు వేళ్ళు.

రెండు పిల్లల్ని ఈనింది మేక.

రెండు సెలవులకూ ఒప్పుకున్నది, చూడండి ఎంత సంతోషంగా ఒప్పుకున్నదో అని మేడం రాసేసింది. లైను తిరిగి కలవలేదు. ఆపరేటర్ స్విచ్‌లు నొక్కి నొక్కి వదిలేశాడు.

నాకు తెలుసు. ఆ గదిలో నాకూ గోరికీ మాత్రమే తెలుసు. అది నా ముఖంలోకి చూసింది. నేను పెన్ను మూత పెట్టుకుంటున్నాను.

24 అక్టోబర్, శనివారం

కాగితం మీద సంతకం పెట్టాను. టేకులపల్లికి వేలిముద్ర కోసం పంపుతారట.

30 అక్టోబర్, శుక్రవారం

గోప్యా ఫోన్ చేశాడు. మీ అత్త సక్కగ తింటలేదు అన్నాడు. నేనెప్పుడు అన్న, నేనెట్ల అన్న అని అందరినీ అడుగుతున్నదట. మండలాఫీసులో కాగితం చదివి వినిపించారు. అందరి ముందట అవ్ అన్నవని రాసున్నది, రెండు వేళ్ళు సూపెట్టినవని గూడ రాసున్నది అన్నారట. ఆమె తన వేళ్ళ వైపే చాలాసేపు చూసుకుని, పిల్ల కనవడ్డ సంబురంల నోరు జారిన్నేమో అని వేలిముద్ర వేసిందట.

మేక సంగతి ఆమెకు గానీ, పక్కనే కూర్చున్న నీకు గానీ గుర్తు లేదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మా తండాలో పంచాయితీ ముందర అన్న మాట వెనక్కి తీసుకోరు. తీసుకున్న ఇంట్లో ఎవరూ నీళ్ళు తాగరు. జమ్లి టీవీని కూడా పంచాయితీ అనే అనుకుంది. నేను దాన్ని టీవీ అనుకున్నాను. తేడా అంతే.

1 నవంబర్, ఆదివారం

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. ఆ అల్లుణ్ణి నేనే.

8 నవంబర్, ఆదివారం

మొన్న గోరి క్లాస్ టీచర్ పిలిపించింది. పిల్లకు చెవులు సరిగా వినపడవా అని అడిగింది. పేరు అడిగినా వెంటనే చెప్పదట. ఆగి, వేళ్ళు ముడిచి, అప్పుడు చెబుతుందట. పక్క పిల్లలు నవ్వుతున్నారట.

ఇంట్లోనూ అంతే. కళ్యాణి పాలు కావాలా అంటే నాలుగు లెక్కపెట్టాకే జవాబు. గోరి మాత్రం ఎవరినీ ఏమీ అడగదు. వచ్చిన కొత్తలో రోజంతా ప్రశ్నలే. బస్సుకు ఎన్ని చక్రాలు, ఈ నల్లా నీళ్ళు ఎక్కడివి, ఆ మిద్దె మీద ఎవరుంటారు. ఇప్పుడు ఒక్కటీ లేదు.

రాత్రి కళ్యాణి చెప్పింది. వంట చేస్తుంటే గోరి వచ్చి నిలబడి, నేను అడగకపోతే యాడి అవ్ అనకపోయేది అన్నదట. మేక సంగతంతా చెప్పిందట. మీకు తెలుసా అని కళ్యాణి నన్ను అడిగింది. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. తెలీదన్నాను.

కళ్యాణి లైటు ఆర్పలేదు. అట్లాగే చూస్తూ పడుకుంది.

19 నవంబర్, గురువారం

రివ్యూ మీటింగ్. నెల తర్వాత ఇద్దరూ ఎట్లా ఉన్నారో అడిగి ఫైలు మూసేస్తారు.

జమ్లి ఓణీలో మేకపిల్లను దాచి తెచ్చింది. మండలాఫీసులో ఎట్లా రానిచ్చారో. పైకెత్తి కెమెరాకు చూపించింది. నల్లది, చెవి మీద తెల్ల మచ్చ. గోరి చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా చూసింది. ఒక్క మాట అడగలేదు. చూడరా బిడ్డా, పేరు నువ్వే పెట్టాలెనని ఆగిన అన్నది జమ్లి.

ఆమె చిక్కిపోయింది.

ఏమైనా అభ్యంతరాలున్నాయా అని మేడం అడిగింది. మైకు నా ముందే ఉంది. ఇప్పుడు చెబుదామనుకున్నాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. జమ్లి గొంతు వచ్చేసింది. నేనే అన్న గదా మేడం, అన్న మాట మింగుతనా అన్నది.

ఫైలు మూసేశారు.

22 నవంబర్, ఆదివారం

తండాకు పోయాను. ఒక్కణ్ణే. ఇల్లందు దాకా బస్సు, తర్వాత ఆటో, తర్వాత నడక. రాత్రంతా నిద్ర పట్టకపోతే తెల్లారి ఎవడైనా ధైర్యవంతుడే.

జమ్లి కూలికి పత్తి ఏరుతోంది. సాలు పక్కనే నడుస్తూ చెప్పాను. ఆ రోజు నువ్వు అన్న అవ్ మేకకు, మేడం అడిగినదానికి కాదు, నాకు అప్పుడే తెలుసు అని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. సాలు చివరిదాకా ఏరింది. అక్కడ గట్టు మీద కూర్చుంది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండనుకున్నాను.

అయితే నేను ఇయ్యలేదా అని అడిగింది.

లేదన్నాను. మళ్ళీ అడిగింది. మూడుసార్లు అడిగింది. నా బిడ్డ బిడ్డను నా నోటితోని ఇచ్చిన అనుకున్న, సచ్చినంక ద్వాలికి ఏం జెప్పాలె అనుకున్న అన్నది. ఒడిలోని పత్తిలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అక్కడ నా ఏడుపుకు ఏ విలువా లేదు.

నన్ను ఒక్క మాట అనలేదు. కళ్ళు తుడుచుకుని ఒకటే చెప్పింది. నాకు జెప్పుడు గాదు, గోప్యా ముందట, అందరి ముందట చెప్పు, పిల్లను పట్కొని రా, గప్పుడు పిల్ల ఏడ ఉండాలెనో అందరు జెప్తరు. వచ్చే ఆదివారం వస్తానన్నాను.

అందరూ ఏం చెబుతారో నాకు తెలుసు.

29 నవంబర్, ఆదివారం

తెలంగాణ బంద్. బస్సులు లేవు. మనసులో ఎంత హాయిగా అనిపించిందో ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

6 డిసెంబర్, ఆదివారం

ఈ రోజూ బంద్.

13 డిసెంబర్, ఆదివారం

బస్సులు నడిచాయి. నేను పోలేదు. తండాలో ఒప్పుకున్నదంతా కళ్యాణికి ముందే చెప్పాను, ఇప్పుడు జ్వరమన్నాను. కళ్యాణి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, ఏమీ లేదని కూడా అనకుండా లోపలికి పోయింది.

సాయంత్రం ఆమే గోరి బట్టలు మడత పెట్టి సంచిలో సర్దింది. తండా నుంచి వేసుకొచ్చిన పాత చెప్పులు కూడా పెట్టింది. పిల్ల మీద ఆశ పెట్టుకున్నది నాకంటే ఆమే ఎక్కువ. రోజూ జడ వేసేది ఆమే. సంచి తలుపు పక్కన పెట్టింది. వారం నుంచి దాన్ని దాటుకునే బడికి పోయి వస్తున్నాను అని శనివారం రాయాల్సి వస్తుందేమో.

19 డిసెంబర్, శనివారం

నా మీద కోపమా అని గోరిని అడిగాను. పలకలేదు.

రేపు తండాకు పోదామా, అందరి ముందు నిజం చెప్పేస్తాను, తర్వాత నువ్వు యాడి దగ్గరే ఉందువు అన్నాను.

వేళ్ళు ముడిచి నాలుగు లెక్కపెట్టింది. అవ్ అన్నది.

ప్రాణం లేచి వచ్చింది.

ఇది నువ్వు ముందు అడిగినదానికి అన్నది.

రెండోదానికి ఇంకా లెక్కపెడుతోంది. బస్సు ఆరున్నరకు.