ఫండు పేరు లేని పట్టిక

జులై 8
జూన్ నెలాఖరు వాటాదారుల పట్టిక స్టాక్ ఎక్స్ఛేంజికి పంపేశాను. ఒక కాపీ క్యాంటీన్ బోర్డుకి. కంపెనీ పెట్టిన పెద్దాయన కార్మికులకి తలా కొన్ని షేర్లు ఇచ్చినప్పటి అలవాటు. పిల్లల పరీక్ష ఫలితాల్లా చూస్తారు. పెద్దాయన ఇప్పుడు లేరు. కొడుకు ఈ మేడ్చల్ షెడ్లు అమ్మి, మిషన్లు వేరే రాష్ట్రానికి తరలిస్తానంటున్నాడు. నెలాఖరుకి దానిమీద వాటాదారుల ఓటింగ్. అడ్డం నిలబడతానన్నది మా షేర్లు బాగా ఉన్న పెద్ద మ్యూచువల్ ఫండు ఒక్కటే.

పట్టికలో దాని పేరు లేదు.

జులై 9
లేత్ సెక్షన్ నర్సింహన్న టీ గ్లాసుతోనే వచ్చేశాడు. "మేడం, గా ఫండోళ్లు అమ్ముకొని పోయిన్రా? ఇగ మా పని ఖతమేనా?"

ఫండు ఆఫీసుకి ఫోన్ చేశాను. అమ్మలేదట. కిరాయి వస్తుందని కొన్నాళ్లకి షేర్లు అప్పుగా ఇచ్చారట. అవి తీసుకున్నవాళ్ల ఖాతాకి వెళ్లాయి, మా పట్టికలో పేరు పోయింది. హమ్మయ్య.

"అమ్మలేదన్నా. అప్పిచ్చారంతే, వాళ్లవే" అన్నాను. మొహం వెలిగిపోయింది. "మస్తు మంచి మాట జెప్పిన్రు!"

జులై 10
షామీర్‌పేట దాకా ట్రాఫిక్. తలనొప్పి. పడుకుంటాను.

జులై 14
ఎవరెవరికి ఓటు ఉంటుందో తేలే తేదీ ఈ శుక్రవారం. మీటింగ్ నోటీసు మళ్లీ చదువుతుంటే అప్పుడు తట్టింది. డివిడెండ్ ఎలాగూ ఫండుకే చేరుతుంది. ఓటు అలా కాదు — ఆ రోజు షేర్లు ఎవరి ఖాతాలో ఉంటే వాళ్లది. షేర్లు అప్పు తీసుకునేదే అమ్మడానికి, ఈపాటికి ఎవరికో అమ్మేసి ఉంటాడు. ఆ కొన్నవాడికి మా షెడ్లు ఉంటే ఎంత, పోతే ఎంత? ఇన్నేళ్లుగా ఈ పట్టికలు నింపుతున్నదాన్ని... నర్సింహన్నకి సగమే చెప్పాను.

జులై 15
ఫండు ఆఫీసులో ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. శుక్రవారం లోపు షేర్లు వెనక్కి తెప్పించుకోమని బతిమాలాను. "చూస్తామండీ, పైవాళ్లని అడగాలి." చూస్తామంటే ఏమిటో నాకు తెలియదా. నీరసం. నా మీద నాకే కోపం.

జులై 16
గేటు దగ్గర నర్సింహన్న. గుండ్లపోచంపల్లి గోదాములో సూపర్‌వైజర్ పనికి పిలిచారట.

"రానని చెప్పిన మేడం. మీరు జెప్పినంక ఇగ రంది ఎందుకు? పోతమన్నోళ్లను గూడ నేనే ఆపిన."

ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు.

జులై 17
ఓటు ఎవరిదో తేలే శుక్రవారం ఇదే. సాయంత్రం దాకా ఫండు నుంచి కబురు లేదు. రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. నాగారం వచ్చేదాకా బస్సులో ఒకటే ఆలోచన — గోదాము వాళ్లతో మళ్లీ మాట్లాడుకో అన్నా, అని చెప్పేయాలి. అంతే. ఎంత మాటని...

ఇంటికొచ్చి నర్సింహన్నకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. "చెప్పున్రి మేడం, ఫండోళ్లు ఏమన్న మంచి ముచ్చట జెప్పిన్రా?"

రేపు మాట్లాడతానన్నా, అని పెట్టేశాను.