పట్టుచీరలో గులాబీ సబ్బు

లక్ష్మీ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఈ ఉత్తరం ఏ పోస్టుమ్యానూ నీకు చేర్చలేడని తెలిసే రాస్తున్నాను.

కేబుల్ టీవీ వచ్చిన కొత్తల్లో, హిందూపురం నుంచి నీ తమ్ముడు కానుకగా తెచ్చిన గులాబీ సబ్బులను నువ్వు ఒక్కసారైనా తడపలేదు. "పువ్వును ఎవురన్నా ఒంటికి రుద్దుకుంటారా?" అని బీరువాలో పట్టుచీరల మధ్య దాచావు. మన ధర్మవరం ఆడవాళ్లంతా అంతే. మా అవ్వయితే సబ్బు చుట్టిన కాగితాన్ని కూడా రవికెల కింద పరిచేది. ఆమె కథ మొదలుపెడితే ఈ కాగితం చాలదు.

నేను నేసినవాటిలో అమ్మకుండా నీకిచ్చింది ఆ ఎర్ర చీర ఒక్కటే. దాని కొంగులో నువ్వు పెట్టిన సబ్బు ఇనుప బీరువా వేడికి చెమర్చి, అరచెయ్యంత మరక చేసింది. పెనుకొండలో కొత్తింట్లో చేరే రోజు అదే కట్టుకుంటానంది మన గిరిజ.

"నేతగాని కూతురు మరక చీరతో తిరిగితే నా పనితనాన్ని ఏమనుకుంటారు పాపా? వేరేది నేసిస్తా" అన్నాను.

"నువ్వు నీ మగ్గం పేరు చూసుకుంటాండావు నాయనా. నేను అమ్మ చీర కట్టుకుంటాండా. వాసన ఇంగా ఉండాది, చూడు."

నేను చూడలేదు. మరక లోపలికి మడుచుకోమన్నాను. సరేనంది గానీ మడవలేదు.

గృహప్రవేశం నాడు పక్కింటామె అడగనే అడిగింది. "ఏమ్మా, ఇంత మంచి చీరకు ఆ మరకేంది?"

"మాయమ్మ సబ్బు దాచిందక్కా" అంటూ గిరిజ కొంగు ఆమె ముక్కు దగ్గర పెట్టింది. ఇంకో నలుగురు మూగారు. నా నేత గురించి ఒక్కరూ అడగలేదు.

వాళ్లంతా భోజనాలకు లేచాక, నేనూ పోయి వాసన చూశాను.