నేల ఎత్తు చేసిన ఇల్లు

సెమరాంగ్,
శుక్రవారం

తమ్ముడూ సుగెంగ్,

మనం అద్దెకిచ్చిన ఇంట్లో ఉంటున్న వగియెంకి నిన్న ఫోన్ చేసి, "ఇల్లు బాగుపడింది కదా, వచ్చే నెల నుంచి అద్దె పెంచుతాం, కుదరకపోతే ఖాళీ చెయ్యండి" అన్నావట. ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది?

ఆ ఇల్లు ఎలా బాగుపడిందో ఒక్కసారైనా అడిగావా? పోటు వచ్చినప్పుడల్లా సముద్రపు నీళ్ళు మంచం దాకా వచ్చేవి. నేల ఎత్తు చేయించడానికి అప్పు కావాలని బ్యాంకుకి వెళితే, అక్కడి ఆఫీసరు నవ్వి, "మునిగే ఇంటికి అప్పెవరిస్తారు అమ్మగారూ?" అన్నాడు. అదే ఇంటి మీద పాత అప్పు వాయిదాలు మాత్రం నెలనెలా గుంజుతూనే ఉన్నారు! నిన్నడిగితే "అమ్మిపారెయ్ అక్కా" అన్నావు. ఎవరు కొంటారు, చేపలా?

చివరికి పూనుకున్నది వగియెం. పగలంతా చేపలు పొగబెట్టి అమ్ముకుని, సాయంత్రాలు మొగుడితో కలిసి మట్టి మోసింది. నేనూ మోశాను, నడుం ఇంకా పట్టేసే ఉంది. "ఈ ఇల్లు మీకు దక్కకపోతే మేం మాత్రం ఎక్కడికి పోతాం అమ్మా?" అంది. ఆమెనా నువ్వు ఖాళీ చెయ్యమన్నది?

నిన్న ఏడుస్తూ గిన్నెలు సర్దుకుంటుంటే నేనే ఆపాను. ఐదేళ్ళు అద్దె పెంచబోమని కాగితం రాయించి సంతకం పెట్టాను. ఇంట్లో సగం నీది కాబట్టి నీ సంతకమూ కావాలి. ఆదివారం వచ్చి ఆమె ఎదుటే పెట్టు. ఇంటి నేల వరకే మేం ఎత్తు చేయగలిగాం, వీధి ఇంకా అలాగే ఉంది. ప్యాంటు పైకి మడుచుకుని రా.

నీ అక్క